ఎడమవైపు కొక్కెం

"దీన్ని ఎవరైనా విప్పారామ్మా?"

ఒంగోలులో కంపెనీవారి సర్వీసు సెంటర్లో, అద్దాల బల్ల వెనక ఉన్న కుర్రాడు అడిగిన మొట్టమొదటి మాట అది. వాడి పేరు సాయిరాం అని మెడలో వేలాడే కార్డు చెబుతోంది. పొద్దున్నే లేచి, పర్చూరులో బస్సెక్కి, ఇంకొల్లు మీదుగా ఒంగోలు దాకా ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన వస్తువుకి ఏం జబ్బు చేసిందనైనా అడగాలి కదా! అడగలేదు.

"ఎవరో ఎందుకు విప్పుతారు బాబూ? నేనే విప్పా," అంది సుబ్బరావమ్మ.

సాయిరాం ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు. మొగుడో కొడుకో అక్కడ నిలబడి ఉంటాడని, అసలు సంగతి వాళ్ళు చెబుతారని వాడి ఆశ. వెనక గోడకి కేలండరు తప్ప ఏమీ లేదు.

"మీరా?"

"నేనే. నాలుగేళ్ళలో నాలుగుసార్లు విప్పా. ఈసారి నా వల్ల కాలా. లోపల సర్క్యూటు కార్డు కాలిపోయింది. అది మీ దగ్గర తప్ప దొరకదని మా షఫీకు చెప్పాడు. కార్డు ఇయ్యి, ఎంతయితే అంత తీసుకో. నేను తొందరగా పోవాల, కల్లంలో కాయలున్నాయి."

ఆ వస్తువేమిటో ఇక్కడే చెప్పేస్తాను. అదొక సోలార్ ఛార్జరు, పేరు చేనుబంటు. నాలుగేళ్ళ కిందట కొన్నప్పుడు అన్నం క్యారేజీ అంత కూడా లేదు. ఓ నల్ల ప్లాస్టిక్ పెట్టె, దాని నెత్తిన జానెడు సోలార్ ప్లేటు, లోపల చిన్న బ్యాటరీ. సుబ్బరావమ్మ మిరపచేను ఊరికి నాలుగు కిలోమీటర్లు. అక్కడ ఇల్లు లేదు, ప్లగ్గు లేదు. బోరు మోటారుకి వచ్చే కరెంటు దాని ఇష్టమొచ్చిన వేళకి వస్తుంది. మోటారు స్టార్టరులో సిమ్ము ఉంటుంది. ఫోను చేస్తే మోటారు తిరుగుతుంది, ఫోను చచ్చిందా చేనుకి నీళ్ళు లేవు. మందు కొట్టే స్ప్రేయరుదీ బ్యాటరీయే. రేపు కోతకి ఎంతమంది రావాలో ముఠా మేస్త్రికి చెప్పాలన్నా ఫోనే. కాబట్టి ఆ పెట్టె ఆమెకి షోకు కాదు, పారలాగా కొడవలిలాగా అదీ ఒక పనిముట్టు.

పనిముట్టు సరే, పని మాత్రం అంతంతమాత్రం. పొద్దున ఎండలో పెడితే సాయంత్రానికి ఒక్క ఫోను నిండేది. దానికి తోడు యలమందయ్య ఒకడు. సుబ్బరావమ్మ భర్త, మంచివాడు, నోట్లో నాలుక లేనివాడు. కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని మధ్యాహ్నం పూట కాళ్ళతో కలబెట్టి తిరగేయడం ఆయన పని. ఛార్జరు కూడా ఆ కాయల మధ్యనే ఎండుతోంది కదా, దాన్ని కూడా బోర్లా తిరగేశాడు. ఒకరోజు కాదు, వారం రోజులు. అడిగితే, "ఒకవైపే ఎండితే ఎట్టాగే?" అన్నాడు. ఆ వారమంతా కంపెనీని తిట్టిన తిట్లన్నీ ఆమె వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

అసలు పెట్టె పాడైందనుకుని ఆమె మొదటిసారి విప్పింది ఆ వారంలోనే. లోపల చూస్తే ఓస్ ఇంతేనా అనిపించింది. రెండు వైర్లు, ఓ కార్డు, ఓ బ్యాటరీ. పర్చూరు అడ్డరోడ్డులో స్ప్రేయర్లు బాగుచేసే షఫీక్ కొట్లో కూర్చుని, అడిగిందే మళ్ళీ అడిగి, ఏది ఎందుకుందో తెలుసుకుంది. అక్కడినుంచి ఏడాదికో మార్పు. చిన్న బ్యాటరీ తీసి, మూలపడ్డ స్ప్రేయరులోని పెద్ద బ్యాటరీ పెట్టించింది. ఒక ప్లేటు చాలదని రెండోది తెచ్చి, రెండూ పుస్తకంలా తెరుచుకునేట్టు మడతబందు వేయించింది. ఎండకి లోపలి బ్యాటరీ ఉబ్బుతుంటే, ప్లేటుకీ పెట్టెకీ మధ్య నాలుగు మూలలా నాలుగు కూల్‌డ్రింకు సీసా మూతలు అతికించి గాలి ఆడేందుకు సందు పెట్టింది. కార్డు కాలిపోయేదాకా అది రెండు ఫోన్లు నింపి, పైన స్ప్రేయరు సంగతీ చూసేది.

కొక్కెం మాత్రం ఎడమవైపు. సుబ్బరావమ్మది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు బళ్ళో మేష్టారు బెత్తం పట్టుకుని మాన్పించాడు గనక రాయడం, తినడం, పేరంటంలో తాంబూలం ఇవ్వడం కుడిచేత్తోనే. చేలో ఎవరు చూడొచ్చారు? అక్కడ కొడవలైనా స్క్రూడ్రైవరైనా ఎడమచేతికే. కుడిచేత్తో పెట్టెని నడుముకి ఆనించి ఎడమచేత్తో కొక్కెం తీస్తే ప్లేట్లు రెండూ ఎదటికి తెరుచుకుంటాయి. తనకోసం చేసుకుంది, తనకి వీలుగా చేసుకుంది.

ఆ పెట్టెని సాయిరాం బల్లమీద అటూ ఇటూ తిప్పి చూశాడు. చూసేకొద్దీ వాడి మొహం మారింది. "ఒక్క నిమిషం అమ్మా, రిపోర్టుకి ఫొటో తీసుకోవాలి," అన్నాడు. ఒక ఫొటో అయితే రిపోర్టుకే అనుకోవచ్చు. పైనుంచి తీశాడు, కిందనుంచి తీశాడు, మడతబందు తీశాడు, వైర్లు ఎటునుంచి ఎటు పోయాయో తీశాడు. "ఎలా తెరుస్తారో చూపించండమ్మా" అని వీడియో కూడా తీశాడు. సుబ్బరావమ్మ చూపించింది. ఇంతవరకూ తన పనితనాన్ని ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళు షఫీక్ తప్ప లేరు మరి. ఏ మార్పు ఎందుకు చేసిందో ఒక్కొక్కటే చెప్పింది. వాడు ఊఁ కొడుతూ విన్నాడు.

అంతా అయ్యాక ఫోను జేబులో పెట్టుకుని అన్నాడు.

"సారీ అమ్మా. విప్పిన సెట్టుకి మేం స్పేరు పార్టులు ఇవ్వం. రూలు. కొత్తది తీసుకోండి."

"కొత్తది నాకెందుకు? కార్డు ఒక్కటే గదా పోయింది."

"సీలు తీశారు కదమ్మా. బయటివాళ్ళు ముట్టుకోకూడదు."

"బయటివాళ్ళెవరు? నేను కొన్న పెట్టెకి నేను బయటిదాన్నా?" సుబ్బరావమ్మ గొంతు లేచింది. "మా ఇంట్లో ట్రంకుపెట్టె మూత తీయాలన్నా దాన్ని చేసినోణ్ణి అడిగి తీయాలా? ఇందాకటి నుంచీ నువ్వు తీసిన ఫొటోల్లో ఏది ముట్టుకోకుండా చేశాననుకున్నావు?"

వాడు తర్వాతి మనిషిని పిలిచాడు. సుబ్బరావమ్మ పెట్టెని సంచీలో పెట్టుకుని వచ్చేసింది. బస్సులో కిటికీ పక్క కూర్చున్నా ఒంట్లో మంట చల్లారలేదు. కార్డు ఇవ్వనన్నందుకు అంత కోపం రాలేదు. ఇవ్వననే మాట ముందే చెప్పక, అంతసేపు తనచేత పాఠం చెప్పించుకున్నందుకు వచ్చింది.

షఫీక్ గుంటూరునుంచి వేరే కార్డు తెప్పించాడు. కంపెనీ కార్డు కన్నా అదే మెరుగని తేలింది. ఆ పెట్టె పనిచేయడం చూసి ఊళ్ళో మరో ఆరుగురు తమకీ అలా మార్చి పెట్టమన్నారు. సామాను ఎవరిది వాళ్ళే తెచ్చుకున్నారు. కొలతలూ కోతలూ సుబ్బరావమ్మవి, అతుకులు షఫీక్‌వి. ఆ ఆరింటికీ కొక్కెం కుడివైపే పెట్టింది. వాడేది వాళ్ళు కాబట్టి వాళ్ళ చేతివాటం చూడాలన్న బుద్ధి ఆమెకుంది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఆ మాత్రం బుద్ధి పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళకి లేకపోయింది.

మరుసటి ఏడు మాఘమాసంలో, కాయలు కల్లానికి చేరే వేళకి, కొత్త సరుకు వచ్చింది. దాని పేరు చేనుబంటు ప్లస్. పర్చూరు కొట్లలో రంగురంగుల బొమ్మలు వేలాడదీశారు. ఊళ్ళో మొదట కొన్నది వెంకాయమ్మ, సుబ్బరావమ్మ పక్కచేను ఆవిడ. కొన్న మర్నాడే దాన్ని చంకన పెట్టుకుని సుబ్బరావమ్మ కల్లానికి వచ్చింది.

"చూడు వదినా, కంపెనీవాళ్ళు కూడా నీలాగే రెండు ప్లేట్లు పెట్టారు!"

సుబ్బరావమ్మ దూరంనుంచే చూసింది. ముచ్చటగా ఉంది. మెరిసే నలుపు, అంచున పసుపుపచ్చ గీత. యలమందయ్య కాయలు తిరగేయడం ఆపి వచ్చి, "బాగుందే. నీకు తోచిందే వాళ్ళకీ తోచింది," అన్నాడు. ఆమెకీ అలాగే అనిపించింది. ఒక రకంగా గర్వంగా కూడా అనిపించింది.

"బాగుందిగాని, దీన్ని తెరవాలంటే నా తరం కావడంలా," అంది వెంకాయమ్మ. "కొక్కెం అందదు. అందుద్దని ఇటు తిప్పి పట్టుకుంటే మూత వచ్చి కడుపులో పొడుచుద్ది. రాత్రి మా ఇంట్లో నలుగురం చూశాం, నలుగురికీ అదే తంటా. ఎట్టా తెరుస్తారో ఏందో!"

"ఇటియ్యి."

సుబ్బరావమ్మ దాన్ని అందుకుంది. కుడిచేయి పెట్టెని నడుముకి ఆనించింది, ఎడమచేయి తనంతట తానే కొక్కెం మీదికి వెళ్ళింది. టక్కుమని ప్లేట్లు రెండూ ఎదటికి తెరుచుకున్నాయి. వెంకాయమ్మ నోరు తెరిచింది.

సుబ్బరావమ్మ మూత మూసి మళ్ళీ తెరిచింది. వేలికి కొక్కెం తగిలే చోటు, బొటనవేలు ఆనే గుంట, వైరు బయటికొచ్చే మూల, అన్నీ చేతికి తెలిసినవే. ఎవరికి వాళ్ళకి తోచడమేమిటి? లోకంలో ఎవడైనా పదిమందికి అమ్మే వస్తువుకి పుర్రచేతి కొక్కెం పెడతాడా? చూసి రాసుకున్నవాడు, ఎందుకుందో తెలియకుండా ఉన్నదున్నట్టు దించేశాడు. ఆమె చేతిని కూడా ఆమెకి తెలియకుండా పట్టుకుపోయి అచ్చుపోశారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇది నాదే," అంది. "ఇది నా పెట్టె వెంకాయమ్మా. ఒంగోలులో నాచేత తెరిపించి మరీ తీసుకున్నారు."

అంతటితో అయిపోయినా బాగుండేది. ఊళ్ళో ఒకరికొకరు చెప్పుకుని కంపెనీని నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాళ్ళు. అలా కాలేదు. నాలుగు రోజుల తర్వాత షఫీక్ ఫోను చేశాడు. వాడి గొంతు ఎప్పటిలా లేదు.

"అక్కా, కంపెనీవాళ్ళు నాకు ఫోను చేశారు. మా ప్లస్ మోడలుకి నువ్వు నకిలీలు తయారు చేస్తన్నావంట గదా అన్నారు. ఆపకపోతే పోలీసు కేసు పెడతామన్నారు."

"ఏందీ?"

"నకిలీలంట అక్కా. మనయ్యి."

"మనం చేసి ఏడాదైంది. వాళ్ళది వచ్చి నెల కూడా కాలా. ముందు పుట్టింది నకిలీ ఎట్టా అయిద్దిరా?"

"నేనూ అదే అన్నా. కాయితాలేమన్నా ఉన్నాయా అన్నారు. మన దగ్గర ఏం కాయితాలున్నాయి? కొట్టు మూయిస్తే నా పిల్లలు ఏమైపోవాలక్కా? కొన్నాళ్ళు ఆపుదాం."

షఫీక్‌ని తప్పుపట్టడానికి లేదు. కాని ఆ మాట కొట్లోంచి బయటికొచ్చి, అడ్డరోడ్డులో టీ తాగి, ఊళ్ళోకి వచ్చేసరికి వేరే వేషం వేసింది. సుబ్బరావమ్మ కంపెనీ సరుకు చూసి కాపీ కొట్టిందంట. ఆ ఆరు పెట్టెలూ దొంగ పెట్టెలంట. కేసు అయితే వాడేవాళ్ళ మీద కూడా అవుతుందంట. అంట, అంట, అంట! ఆరుగురిలో ఒకరు పెట్టె తెచ్చి ఆమె అరుగుమీద పెట్టి మాట్లాడకుండా వెళ్ళారు. ఇంకొకరు చేలో వాడుతూనే, ఆమె గట్టుమీద కనబడితే దానిమీద తువ్వాలు కప్పారు. ఆ తువ్వాలు చూసినప్పుడు ఆమెకి తల తీసి మొలేసినట్టయింది. యాభై మూడేళ్ళ వయసులో, ఒకరి చేలో కాయ కూడా ముట్టి ఎరగని మనిషికి దొంగ అని పేరొచ్చింది. ఆ నింద వేసినవాడు ఎవడు? దొంగిలించినవాడు!

"పోనీలేవే," అన్నాడు యలమందయ్య. "పెట్టె మనకి పనిచేస్తందిగా. పేరుదేముంది?"

"నీ చేలో కాయలు ఎవడో కోసుకుపోయి, మిర్చి యార్డులో నీకెదురుపడి నువ్వే దొంగవంటే ఇట్టాగే పోనీలే అంటావా?"

ఆయన లేచి, అరుగుమీది పెట్టెని లోపలికి తెచ్చి పెట్టాడు. ఆ మాట ఆయనకి అర్థమైందని ఆమెకి తెలిసింది.

రెండు వారాల తర్వాత ఒక గురువారం కంపెనీ వ్యాను ఊళ్ళోకి వచ్చింది. పంచాయతీ ఆఫీసు ముందు చిన్న షామియానా వేసి, మైకు పెట్టి, ఓ బల్లమీద అయిదు ప్లస్ పెట్టెలు ఎండకి తెరిచిపెట్టారు. అప్పటికే ఊళ్ళో పాతిక ఇళ్ళదాకా దాన్ని కొన్నారు, మిగిలినవాళ్ళకి అమ్మాలని వచ్చారు. మైకు పట్టుకున్నది సాయిరామే. యాభై అరవైమంది మూగారు. సుబ్బరావమ్మ భర్తతో కలిసి వెనకాల నిలబడింది.

"మా కంపెనీ రెండేళ్ళు పరిశోధన చేసి, రైతు సోదరుల అవసరాలు గమనించి తయారుచేసిన మోడల్ ఇది," అంటున్నాడు సాయిరాం. "కొంతమంది దీన్ని చూసి ఇళ్ళల్లో నకిలీలు చేస్తున్నారు. ఈ చుట్టుపక్కలే చేస్తున్నారని మాకు తెలిసింది. వాటిని వాడి మోసపోవద్దు."

ఆ మాట అంటుండగానే వాడి చూపు సుబ్బరావమ్మ మీద పడింది. గుర్తుపట్టాడు. ఒక్క క్షణం మైకులో మాట ఆగింది. ఆగి, మళ్ళీ మొదలైంది. అదీ ఆమెకి తట్టుకోరానిదైంది. ఎవరో తెలియక అంటే అజ్ఞానం అనుకోవచ్చు, తెలిసీ అన్నాడు.

జనాన్ని తోసుకుంటూ ఆమె బల్ల దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, ఒక మాట అడుగుతా. ఈ కొక్కెం ఎడంవైపు ఎందుకు పెట్టారు?"

"అది... డిజైనమ్మా. శాస్త్రీయంగా అలా వచ్చింది."

"ఏ శాస్త్రం? వెంకాయమ్మా, రా. తెరువు." వెంకాయమ్మ వచ్చి తంటాలు పడింది. "నువ్వు రా. నువ్వూ." ముగ్గురు వచ్చి మూడు రకాలుగా పెట్టెని తిప్పారు. ఒకాయన కడుపుకి మూత తగిలి అబ్బా అన్నాడు. జనంలో నవ్వులు లేచాయి. కొని ఇంట్లో అవస్థపడుతున్న పాతికమందికీ తమ చేతులదే తప్పనుకోవలసిన పని లేదని అప్పుడు తెలిసింది.

సుబ్బరావమ్మ ఎడమచేత్తో ఒక్కసారికి తెరిచింది. "ఈ ఊళ్ళో పుర్రచేతి వాటం నా ఒక్కదానిదే. రెండేళ్ళు పరిశోధన చేశామంటన్నావే, ఎవరి చెయ్యి చూసి చేశారు? నీ ఫోనులో వీడియో ఉందిగా, తీసి చూపించు అందరికీ."

సాయిరాం మొహం ఎర్రబడింది. మైకు కిందికి దించాడు. "అమ్మా, గొడవెందుకు? మీకొక ప్లస్ సెట్టు ఫ్రీగా ఇప్పిస్తాను. నేను సొంతంగా మాట్లాడి..."

"నా పెట్టె నాకే దానం చేస్తావురా?"

ఆ అరుపుకి ముందు వరుసవాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు. ఆమె కోపంగా బల్లమీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి వెంటనే తీసేసింది. చేయి పడింది పెట్టె మీద, అది నిప్పులా కాలుతోంది. వంగి పక్కనుంచి చూసింది. ప్లేటు, పెట్టె ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

"సందు ఏది?" అంది. గొంతులో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "నాలుగు సీసా మూతలుండాలిగా ఇక్కడ. అయ్యేమైనాయి?"

"అవి చూడ్డానికి బాగా లేవని హెడ్డాఫీసులో తీసేయించారమ్మా," అన్నాడు సాయిరాం.

అన్నాక గాని వాడికి తెలియలేదు తనేమన్నాడో. ఉన్నవాటినే కదా తీసేయిస్తారు. ఉన్నది ఎక్కడ? సుబ్బరావమ్మ పెట్టెలో. వెంకాయమ్మ ముక్కున వేలేసుకుంది. అరుగుమీద పెట్టె వదిలేసి వెళ్ళినాయన తల దించుకున్నాడు.

ఆ క్షణం సుబ్బరావమ్మ గెలిచింది. కావాలంటే అక్కడే నిలబడి ఇంకో గంట దులిపేయవచ్చు. వాడిచేత దండం పెట్టించుకోవచ్చు. ఆమె మనసంతా ఆ పెట్టె మీదే ఉంది. తన పాత బ్యాటరీ ఎండకి ఎంత లావున ఉబ్బిందో ఆమెకి తెలుసు, షఫీక్ దాన్ని పట్టకారుతో పట్టుకుని ఇసుకలో పారేశాడు. ఊళ్ళో పాతికమంది ఆ పెట్టెల్ని ఎక్కడ పెట్టుకున్నారు? కల్లంలో చోటు చాలక అందరిలాగే ఎండుమిరపకాయల రాశుల మీద పెట్టుకున్నారు.

"అందరూ వినండి!" అంది. మైకు అక్కర్లేని గొంతు ఆమెది. "ప్లస్ కొన్నోళ్ళు ఇప్పుడే కల్లాలకి పోండి. కాయల మీంచి పెట్టె తీసి నీడన మట్టిలో పెట్టండి. మూత తెరిచి పెట్టండి. లోపలి బ్యాటరీ ఉబ్బి పగిలిందంటే పంట మీదే అంటుకునిద్ది. చల్లారాక నా దగ్గరికి తెండి, నాలుగు మూతలు అతికించి సందు పెట్టిస్తా. కొక్కెం కూడా మారుస్తా. పోండి, నన్ను చూస్తా నిలబడతారేంది!"

పదిహేను ఇరవైమంది ఊరి చివర కల్లాలకేసి పరుగులు తీశారు. సాయిరాం కూడా బల్లమీది అయిదు పెట్టెల్నీ గబగబా షామియానా నీడలోకి లాగాడు. తర్వాత ఫోను తీసి ఏదో టైపు చేయసాగాడు.

"ఏం రాస్తన్నావు?"

"రిపోర్టమ్మా. పైకి పంపించాలి."

"చదువు."

"ప్లేటు కింద గాలి ఆడే సందు ఉంచాలని స్థానిక రైతులు సూచించారు."

"స్థానిక రైతులంటే ఎవరు? వాళ్ళకి పేర్లుండవా?"

వాడు పక్కనున్న ముసలాయన్ని గుసగుసగా ఏదో అడిగి, చెరిపి మళ్ళీ రాశాడు. "యలమందయ్య గారి భార్య సూచించారు," అని చదివాడు.

అప్పటిదాకా షామియానా గుంజకి ఆనుకుని నిలబడ్డ యలమందయ్య ముందుకొచ్చాడు. పెళ్ళయిన ముప్పయ్యేళ్ళలో ఆయన పదిమందిలో గొంతు పెంచడం ఎవరూ వినలేదు.

"నా పేరు తీసెయ్ అబ్బాయ్. ఆ పెట్టెలో నాది మేకు కూడా లేదు. ఆమెకి పేరుంది, సుబ్బరావమ్మ. అది రాయి."

వాడు రాశాడు. ఆమెకి చూపించాడు. సుబ్బరావమ్మ నిదానంగా చదువుకుంది. పోయినసారి ఆ ఫోనులోకి వెళ్ళిన తన మాటలన్నీ బయటికి ఎలా వచ్చాయో ఆమెకి తెలుసు. వ్యాను ఒంగోలు చేరేలోపు ఈ పేరు అందులో ఉంటుందన్న భ్రమ ఆమెకి లేదు. ఊరు మాత్రం ఎక్కడికీ పోదు. దొంగ అన్న మాట మైకులో అన్నారు, కాదన్న మాట కూడా మైకులోనే రావాలి.

"మైకు తీసుకో," అంది. "అందులో చదువు. రిపోర్టు ఒక్కటే గాదు, మొత్తం చెప్పు. రెండు ప్లేట్లు ఎవరివి, మడతబందు ఎవరిది, కొక్కెం ఎవరిది."

సాయిరాం వ్యాను డ్రైవరుకేసి చూశాడు. డ్రైవరు ఆకాశంకేసి చూశాడు. వేరే దారి లేక మైకు అందుకున్నాడు.

"చేనుబంటు ప్లస్‌లో ఉన్న మార్పులన్నీ ఈ ఊరి సుబ్బరావమ్మ గారు చేసినవి. పోయిన సంవత్సరం ఆవిడ ఒంగోలు వచ్చినప్పుడు మేము చూసి..."

"చూసి?"

"చూసి... తీసుకున్నాం. అడగకుండా తీసుకున్నాం. ఆవిడ చేసినవి నకిలీలు కావు."

మైకు కీచుమంది. పంచాయతీ గోడకి తగిలి ఆ మాటలు వెనక్కి వచ్చాయి. వాడు నుదురు తుడుచుకుని మైకు కట్టబోయాడు.

సుబ్బరావమ్మ మైకు తీగ మీద కాలు వేసింది.

"ఎక్కడికి? కల్లాలకి పోయినోళ్ళు వినలా," అంది. "ఆగు. వాళ్ళు వచ్చినాక మళ్ళీ చదువుదువుగాని."